బండి బుర్ర మార్పించిన నెల

జూన్ 3, సోమవారం

చేయించేశాను!

ఎవరికీ చెప్పకూడదు. ఎక్కడో ఒక చోట చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను. అందుకని ఈ నోట్‌బుక్.

టైర్ల దుకాణం వెనకాల రేకుల షెడ్డు. లోపల ఒక బల్ల, ఒక ల్యాప్‌టాప్, సోడాబుడ్డి కళ్లద్దాల మనిషి ఒకడు. అందరూ ల్యాప్‌టాప్ డాక్టరు అంటారట. నిజంగా డాక్టరు లాగే మెల్లగా, మనవైపు చూడకుండా మాట్లాడాడు.

“ఇంజిన్లో ఒక్క బోల్టు కూడా విప్పనమ్మా. ఎప్పుడు ఎంత డీజిల్ పోయాలి, టర్బో ఎంత గాలి ఊదాలి అని దాని కంప్యూటర్లో కంపెనీవాళ్లు ఒక లెక్క రాసిపెడతారు. అన్ని ఊళ్లకీ, అన్ని రోడ్లకీ, అన్ని రకాల డీజిల్‌కీ సరిపోవాలి కాబట్టి వాళ్లు భయపడుతూ రాస్తారు. నేను ఆ భయం కొంచెం తగ్గిస్తాను. దాన్నే రీమ్యాప్ అంటారు.”

“బండికి ప్రమాదమా?”

“పద్ధతిగా చేస్తే పెద్దగా కాదు. వారంటీకి మాత్రం ప్రమాదమే. రేపు ఇంజిన్‌కో, టర్బోకో, గేర్‌బాక్స్‌కో ఏదైనా వస్తే కంపెనీవాళ్లు మాకు సంబంధం లేదనొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పాలి. పాత లెక్క నా దగ్గర దాచి ఉంచుతాను, ఎప్పుడడిగినా మళ్లీ పెడతాను. కానీ లోపల ఎన్నిసార్లు చెయ్యి పెట్టారో అది లెక్కపెట్టుకుంటుంది. ఆ అంకె నేను చెరపను. ఇదంతా ఈ కాగితంలో ఉంది, చదివి సంతకం పెట్టండి.”

పెట్టాను. చదవలేదు. ఆయనే నోటితో చెప్పాడు కదా, మళ్లీ చదవడం దేనికి?

స్టీరింగ్ కింద ఒక తీగ గుచ్చాడు. గంటన్నర పట్టింది. నేను షెడ్డు బయట ప్రసూతి వార్డు ముందు మొగుడిలా తిరిగాను.

తిరిగి వస్తూ వంతెన ఎక్కాను. ఇదివరకు ఎక్కు దగ్గర తొక్కితే మా బండి కాసేపు ఆలోచించేది. ఫైలు అడిగితే గుమాస్తా చూసినట్టు చూసేది. ఇవాళ తొక్కీ తొక్కకముందే ఆకాశం దగ్గరికొచ్చేసింది. వేగం పరిమితి దాటలేదు, ఒట్టు. కానీ పరిమితి దాకా చేరిన తీరు ఉంది చూశావూ!

అద్దాలు ఎక్కించుకుని ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. పక్క బస్సులో కిటికీ దగ్గర కూర్చున్నావిడ జాలిగా చూసింది.

మైలేజీ కూడా పెరుగుతుందట. అసలు అందుకే చేయించాను.

జూన్ 4, మంగళవారం

మైలేజీ కోసమే.

జూన్ 6, గురువారం

వంటింట్లో కూనిరాగం తీస్తున్నానట. “ఏంటి విశేషం?” అని ఆయన అడిగారు. ఏమీ లేదన్నాను. ఆయన మందుల షాపు నడుపుతారు. తలనొప్పి మాత్ర వేసుకోవాలన్నా లోపలి కాగితం మడతలు విప్పి ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివి గానీ నోట్లో వేసుకోరు. బండి వారంటీ పుస్తకానికి ప్లాస్టిక్ అట్ట వేసి బీరువాలో పెట్టారు. ఇంకా రెండేళ్లుంది దానికి. ఆ పుస్తకాన్ని కనీసం మూడుసార్లు చదివి ఉంటారు.

ఆయనకు చెప్పవచ్చు. తప్పకుండా చెబుతాను. మంచి సమయం చూసి.

నేనేం దొంగతనం చేశానా? డ్రైవింగ్ స్కూల్లో ఇరవై రెండేళ్లుగా నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చున్నాను. నా వైపు ఒక బ్రేకు ఉంటుంది, ఒక క్లచ్ ఉంటుంది. యాక్సిలరేటర్ ఉండదు. ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం ఆపడం. నెమ్మది, నెమ్మది, చూసుకో, ఆగు, ఆగమన్నానా! నిద్రలో కూడా కుడికాలు మంచాన్ని తంతుందని ఆయనే అంటారు. అలాంటి మనిషి తన సొంత బండిలో ఒక్కసారి ముందుకు దూకితే కొంపలేం మునగవు.

మైలేజీ ఇంకా చూడలేదు.

జూన్ 8, శనివారం

పట్టుబడ్డాను. అత్తయ్యకి.

కళ్ల పరీక్షకి తీసుకెళ్తున్నాను. సిగ్నల్ పడింది. నేను మామూలుగానే పోనిచ్చాను. మామూలుగానే అనుకున్నాను.

“ఏమే, బండికి ఏం చేశావ్?”

“ఏం చేశాను అత్తయ్యా?”

“నా వీపెళ్లి సీటుకి అతుక్కుంది. మూడేళ్లుగా ఈ సీట్లో కూర్చుంటున్నా. ఎప్పుడూ అతుక్కోలేదు.”

డెబ్బై ఆరేళ్లు. టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. కళ్లు మసకగానీ మిగతావన్నీ పాముచెవులు. సందు చివర ఆపి మొత్తం చెప్పేశాను. రీమ్యాప్, టర్బో, వారంటీ, అన్నీ. చెబుతుంటే నా భుజాల మీది బరువు దిగుతూ ఉంది. ఆవిడ చేతిసంచీ ఒళ్లో సర్దుకుంది.

“మావాడికి తెలుసా?”

“లేదు.”

“కంపెనీ సర్వీస్ సెంటర్లో ఉన్న మీ తమ్ముడికి?”

“లేదు.”

“సరే. ఇందాకటిది మళ్లీ ఒకసారి చెయ్యి.”

చేశాను. ఆవిడ “హమ్మో!” అంది. డాక్టరు గారి దగ్గర దిగేటప్పుడు, పది నిమిషాల దారే అయినా ఇంటికి ఊరంతా తిప్పి తీసుకెళ్లమంది.

జూన్ 11, మంగళవారం

అత్తయ్యకి ఇవాళ మళ్లీ కన్ను మసకగా ఉందట. వెళ్లొచ్చాం. డాక్టరు ఏమీ లేదన్నాడు. ఏమీ లేదని మాకిద్దరికీ తెలుసు.

జూన్ 12, బుధవారం

నా దగ్గర నేర్చుకుంటున్న టైలరమ్మ ఎనిమిది వారాలుగా రెండో గేరు దాటలేదు. కుట్టుమిషన్ మీద కాలు ఎంత ధైర్యంగా ఆడుతుందో కారెక్కితే అంత బిగుసుకుపోతుంది. ఇవాళ ఖాళీ రోడ్డు మీద నా నోటి నుంచి, నాకు తెలియకుండానే వచ్చేసింది.

“తొక్కండి.”

“ఏంటి మేడమ్?”

“తొక్కండమ్మా! నేనున్నాగా!”

తొక్కింది. మూడో గేరు వేసింది. నాలుగోది కూడా వేసింది. ఆగాక స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. స్కూలు ఓనరుకి ఎవరో చెప్పినట్టున్నారు, సాయంత్రం నన్ను ఒకలా చూశాడు. చూడనీ.

జూన్ 18, మంగళవారం

ఏం కాలేదు. చిన్నదే.

పొద్దున్న నుంచి ఈల వేస్తున్నట్టు ఒక సన్నని చప్పుడు. బయటి నుంచి అనుకున్నాను. అత్తయ్య కూడా బయటి నుంచే అంది, కానీ నా మొహం చూసి అంది. పెద్ద రోడ్డు మీదికి రాగానే ముందు పసుప్పచ్చ దీపం వెలిగింది. ఆ తర్వాత ఎంత తొక్కినా బండి కదలదే! పక్కనుంచి సైకిళ్లు దాటుకుపోయాయి. సైకిళ్లు!

“ముసలిదాన్ని నేనా, ఇదా?” అంది అత్తయ్య.

నవ్వాం. ఇంటికొచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. దారంతా నవ్వాం. నవ్వకపోతే ఇంకేం చేస్తాం?

చిన్నదే అయ్యుంటుంది.

జూన్ 19, బుధవారం

టర్బో పోయింది.

ల్యాప్‌టాప్ డాక్టరు వేలితో తడిమి, దీపం పెట్టి చూసి చెప్పాడు. “మీ లెక్క వల్లేనా?” అని అడిగాను. లేదంటాడని ఎంతో ఆశపడ్డాను.

“కాదని ఒట్టు వేయలేనమ్మా. అవునని కూడా చెప్పలేను. లోపల అరుగుదల పాతదే. ఎక్కువ గాలి ఊదమని నేను చెప్పడం వల్ల త్వరగా పోయిందేమో.”

ఇంత నిజాయితీ మనిషి ఎందుకు తగలాలి నాకు?

పాత లెక్క పెట్టించేశాను. పుట్టింటికి తిరిగి పంపినట్టే కదా. ఇప్పుడు బండి కంపెనీ నుంచి వచ్చిన బండే. ఆ అంకె సంగతి ఆయన మళ్లీ ఎత్తబోయాడు. నేను వేరే సంగతి ఎత్తాను.

జూన్ 20, గురువారం

ఇక ఇది. తమ్ముడు.

కంపెనీ సర్వీస్ సెంటర్లో వాడు అడ్వైజరు. వచ్చిన బండిని చూసేది వాడు, కాగితం రాసేది వాడు, సంతకం పెట్టేది వాడు. చంటి అని ఇంట్లో పిలిచే పేరు అక్కడ ఎవరికీ తెలియదు. తెల్లచొక్కా, మెడలో కార్డు. పద్దెనిమిదేళ్ల వయసులో వాడికి డ్రైవింగ్ నేర్పింది నేనే. వాణ్ని నేను మూడుసార్లు ఏడిపించాను.

బండి చూడగానే వాళ్ల మేనేజరుని పిలిచి చెప్పాడు: “మా అక్కది సార్. డ్రైవింగ్ టీచరు. బండిని పసిపిల్లలా చూసుకుంటుంది. టర్బో పోవడానికి వేరే కారణమే ఉండదు, పార్టే సరిగా లేదు.”

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

తర్వాత కాగితం ఇచ్చాడు. ఈసారి చదివాను. ప్రతి అక్షరం చదివాను. “ఇంజిన్‌లో గానీ దాని కంప్యూటర్‌లో గానీ నేను ఎటువంటి మార్పులూ చేయించలేదని ధ్రువీకరిస్తున్నాను.” కింద రెండు గీతలు. ఒకటి నాది. ఒకటి వాడిది.

నా గీత మీద సంతకం పెట్టాను.

వారంటీ కోసం ఇన్నేళ్లు బండిని భద్రంగా చూసుకున్నాం. అంత పెద్ద కంపెనీకి ఒక టర్బో లెక్కలోది కాదు. పైగా దాని వల్లే పోయిందని ఎవరన్నారు? డాక్టరు కూడా అనలేదు.

జూన్ 21, శుక్రవారం

చంటి ఫోన్ చేశాడు. పై ఆఫీసుకి కాగితాలు పంపాలి, రెండు రోజులు పడుతుందన్నాడు. పెట్టేసేముందు, “అక్కా, ఇంకేమైనా చెప్పాలా?” అన్నాడు.

ఏమీ లేదన్నాను.

జూన్ 22, శనివారం

మళ్లీ చేశాడు. పార్టు రావాలట. “ఇంకేమైనా చెప్పేది ఉందా అక్కా? బండి గురించి.”

ఏముంటుందిరా, అన్నాను. గొంతు ఎంత మామూలుగా వచ్చిందో! నాటకాల్లోకి వెళ్లాల్సిన దాన్ని.

జూన్ 24, సోమవారం

మూడోసారి. అదే ప్రశ్న.

అత్తయ్య పక్కనే బట్టలు మడతపెడుతోంది. నేను ఫోన్ పెట్టేశాక దిండు గలీబు దులిపి, అటు తిరిగే అంది.

“టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు చేశాను. ఎంతమంది మాటలు విన్నానో నీకు చెప్పినా నమ్మవు. ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగేవాడికి జవాబు తెలుసే అమ్మాయ్.”

మంచం మీద కూలబడ్డాను. అవును. వాడు అడగడం లేదు. ఎదురుచూస్తున్నాడు.

జూన్ 25, మంగళవారం

పొద్దున్నే వెళ్లాను. వాడు కుర్చీ చూపించలేదు. నేనే కూర్చున్నాను.

“చంటీ, నేను కంప్యూటర్ మార్పించాను. ఈ నెల మొదట్లో. చెడిపోయాక మళ్లీ పాతది పెట్టించాను.”

వాడు డ్రాయరు లాగి కాగితం బల్ల మీద పెట్టాడు. నా సంతకం ఉంది. వాడి గీత ఖాళీ. అది ఎక్కడికీ పోలేదు. అయిదు రోజులుగా అక్కడే ఉంది.

“మొదటి రోజు మధ్యాహ్నమే చూశాను. మిషన్ తగిలించగానే అంకె కనపడింది. రెండుసార్లు మార్చినట్టు ఉంది. మేము ఈ బండి కంప్యూటర్ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.”

“మరి అప్పుడే ఎందుకు అడగలేదురా?”

“అడిగాను కదా. మూడుసార్లు.”

వాడు కాగితం మీది తన ఖాళీ గీత చూపించాడు.

“సంతకం పెడితే పై ఆఫీసువాళ్లు అదే అంకె చూస్తారు. నా ఉద్యోగం పోతుంది. మార్పులున్నాయని నేనే రాసిస్తే, అబద్ధపు సంతకం పెట్టినావిడ మా అక్క అని మేనేజరుకి చెప్పాలి. ఆయన దగ్గర అంత గొప్పగా చెప్పుకున్నాక. ఏం చేయాలో తెలియక రోజూ ఆ డ్రాయరు తెరిచి మూస్తున్నాను.”

“తప్పయిపోయిందిరా.”

“చేయించావు సరే. బండి నీది. నాకు చెప్పలేదేం అక్కా?” అన్నాడు. వాడి కింది పెదవి చిన్నప్పటిలాగే వణికింది. “నేనేం తిడతాననుకున్నావా? నిన్ను?”

క్లెయిము వెనక్కి తీసుకుంటున్నానని తెల్లకాగితం మీద రాసిచ్చాను. మార్పు చేయించిన సంగతి, తేదీ, అన్నీ రాశాను. మేనేజరు గదిలోకి నేనే వెళ్లి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, “ఇలా వచ్చి చెప్పేవాళ్లని చూడలేదమ్మా,” అన్నాడు. ఇంజిన్ వారంటీ రద్దయింది. చంటి మీద మాట పడలేదు.

వాడు నన్ను గేటు దాకా దిగబెట్టలేదు.

జూన్ 25, సాయంత్రం

ఆయనకీ చెప్పేశాను. షాపు మూసి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుండగానే, తువ్వాలు అందిస్తూ. మంచి సమయం అంటూ ఒకటి ఎప్పుడూ రాదు.

నేను మేనేజరుకి ఇచ్చిన ఉత్తరం నకలు చూపించమన్నారు. నిలబడే చదివారు. ఒక చోట ఒత్తు తప్పిపోయిందని చెప్పారు. తర్వాత బీరువా తెరిచి వారంటీ పుస్తకం తీశారు. ప్లాస్టిక్ అట్టని జాగ్రత్తగా, చిరగకుండా ఊడదీశారు. తిట్టినా బాగుండేది.

“దీని సంగతి అమ్మకి తెలుసా?” అని అడిగారు.

“తెలుసు.”

“ఎప్పటి నుంచి?”

“ఎనిమిదో తారీఖు నుంచి.”

“అందుకా ఆవిడ కళ్లకి అన్నిసార్లు పరీక్ష!” అన్నారు. అని, నవ్వు ఆపుకోబోయి దగ్గు తెచ్చుకున్నారు. లోపలి గది నుంచి అత్తయ్య, “నా కళ్ల జోలికి రాకండి,” అని అరిచింది.

రాత్రి అన్నాల దగ్గర మాత్రం ఒక మాట అన్నారు. “మందు మార్చాక డాక్టరుకి పాత చీటీ చూపించకూడదు. మనిషి చచ్చిపోతాడు.”

అవును.

జూన్ 27, గురువారం

చంటి ఫోన్ ఎత్తలేదు.

జూన్ 29, శనివారం

ఎత్తలేదు.

జూలై 1, సోమవారం

టైలరమ్మ పరీక్ష పాసైంది. మిఠాయి పొట్లం తెచ్చింది. నాతో కలిసి సగం తానే తినేసింది. చంటికి ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను. వాడికి టైలరమ్మ ఎవరో కూడా తెలియదు. అయినా చేశాను. ఎత్తలేదు.

జూలై 4, గురువారం

బండి బయటి మెకానిక్ దగ్గర బాగైంది. మా పెళ్లిరోజుకి వెళ్లాలనుకున్న సముద్రయానం టర్బోలోకి పోయింది. ఆయన అలాగే చెబుతున్నారు, వచ్చినవాళ్లందరికీ, ఒక ముచ్చటలా.

తర్వాత ల్యాప్‌టాప్ డాక్టరు దగ్గరికి నేను, ఆయన, అత్తయ్య ముగ్గురం వెళ్లాం. ఈసారి కాగితం మా ఆయన చదివారు. గట్టిగా చదివారు. నాలుగు ప్రశ్నలు అడిగారు. నాలుగో ప్రశ్నకి డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చివరికి మొదటిదానికంటే మెత్తని లెక్క ఒకటి పెట్టించాం. టర్బో మీద అంత బరువు పడదట. ఇన్సూరెన్స్ వాళ్లకి అక్కడి నుంచే మెయిల్ పంపాం. వాళ్లు సరేనని రాశారు, కొంచెం ఎక్కువ కట్టమని కూడా రాశారు.

ఇప్పుడు దాచేది ఏమీ లేదు. వంతెన మీద ఆయన తలుపు పైనున్న పిడి రెండు చేతులతో పట్టుకుని, “బాగానే ఉంది,” అన్నారు. ఎగిరి గంతేయాలనిపించాల్సిన రోజు. సగమే ఎగిరాను.

మైలేజీ చూశాను. పెరగలేదు. నా కాలు అలాంటిది.

జూలై 7, ఆదివారం

పది గంటలకి గేటు చప్పుడైంది. చంటి. తెల్లచొక్కా లేదు, మెడలో కార్డు లేదు. మొహం మాత్రం సర్వీస్ సెంటర్ మొహమే.

“బావ ఫోన్ చేశాడు. బండి ఒకసారి చూడమన్నాడు. బయటి మెకానిక్ ఏం చేశాడో ఏమో అని,” అన్నాడు గోడకేసి చూస్తూ. ఆయన అప్పటికే పేపరు చాటుకి పోయారు. నాకు ఒక్క మాటైనా చెప్పలేదీ మనిషి!

తాళాలిచ్చాను. పక్క సీట్లో కూర్చున్నాను. అత్తయ్య ఎవరూ పిలవకముందే వెనక సీట్లో ఉంది.

చంటి సీటు సరిచేసుకున్నాడు, అద్దం సరిచేసుకున్నాడు. నేను నేర్పినట్టే. సందులోంచి నెమ్మదిగా తీశాడు. చెవి పెట్టి వింటున్నాడు, ఇంజిన్ని. పెద్ద రోడ్డు ఖాళీగా ఉంది. రెండో గేరు, మూడో గేరు. నా కుడికాలు అలవాటు కొద్దీ ముందుకు వెళ్లింది. అక్కడ బ్రేకు లేదు, చాప ఉంది. కాలు వెనక్కి తీసుకున్నాను.

“తొక్కరా,” అన్నాను.

నావైపు చూశాడు. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి.

తొక్కాడు.

ముందు వాడి కనుబొమలు లేచాయి. తర్వాత నోరు తెరుచుకుంది. ఆ తర్వాత ఎక్కడి నుంచి వచ్చిందో ఒక నవ్వు, నలభై ఏళ్ల మగవాడి నవ్వు కాదది, ఉయ్యాల ఎత్తుకి వెళ్లినప్పుడు పిల్లలు నవ్వే నవ్వు. “అక్కా! అక్కా ఏంటిది! రోజుకి పాతిక బండ్లు నడుపుతాను, ఇవే బండ్లు! దీనికి ఇంత ఉందా లోపల!”

“నీ మొహం చూసుకోరా అద్దంలో,” అన్నాను. నాకూ నవ్వు ఆగడం లేదు. నవ్వుతుంటే కళ్లు కారుతున్నాయి.

చౌరస్తా దగ్గర తిప్పాడు. చప్పుడు సరిగా వినలేదు, ఇంకోసారి వెళ్లాలన్నాడు. వెళ్లాం. బ్రేకులు చూడాలన్నాడు. వెళ్లాం. నాలుగోసారి సాకు కూడా చెప్పలేదు.

ఇంటి ముందు ఆపి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచాడు.

“ఇంకోసారి నాకు అబద్ధం చెప్పకు అక్కా.”

“చెప్పను.”

“చెప్పినా నేను కనిపెడతాను.”

“కనిపెడతావు.”

తాళాలు నా చేతిలో పెట్టి దిగాడు. టీ తాగి వెళ్లరా అన్నా వినకుండా గేటు దాకా వెళ్లాడు. గడియ తీశాడు. అక్కడే నిలబడి రోడ్డు కేసి చూశాడు, బండి కేసి చూశాడు. గడియ వేసి వెనక్కొచ్చి చెయ్యి చాపాడు.

ఇచ్చాను.